మా ఇంట్లో రెయిడ్

ఇంట్లో రెయిడ్ పెడుతున్నానని చెప్పగానే, గొర్రెలకు నీళ్లు పెట్టి వస్తున్న నాయన గడపలోనే ఆగిపోయాడు.

"రైడా? ఏం చేసినావురా? పోలీసోళ్లు ఎప్పుడొస్తారంట?"

పోలీసులు కాదు, కంప్యూటర్లో రెండు హార్డ్ డిస్కులను జతకట్టి, ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లోనూ రాయించడాన్ని అలా అంటారని చెప్పేలోపు నాకు నవ్వాగలేదు. నా కంప్యూటర్ని నడిపే లినక్స్‌లో దీనికి ప్రత్యేకంగా ఏ పరికరమూ కొననక్కర్లేదు, నాలుగు కమాండ్లు చాలు. ఒక డిస్కు చచ్చినా రెండోది పని నడిపిస్తుంది.

ఇదంతా అవ్వ గొంతు కోసం. ఆమె బతికుండగా నాకు కథ చెబుతుంటే ఫోన్లో రికార్డు చేశాను. అది దాచిన పాత డిస్కు ఈమధ్య టిక్కుటిక్కుమంటోంది. అవ్వ పోయాక నాయన ఆ కథను ఒక్కసారీ వినలేదు, ధైర్యం చాల్లేదు. నన్ను మాత్రం వదల్లేదు.

"మా అమ్మ గొంతు అదొక్కటే ఉండాది. పోగొట్టినావంటే కాళ్లు ఇరగ్గొడతా."

ఒక డిస్కు ఆత్మకూరులో కొన్నాను, ఇంకోటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఒకే లాటులో తయారైనవైతే రెండూ ఒకేసారి పోతాయేమోనని నా భయం. "అవున్రా, ఒక మందలో రోగమొస్తే అన్నిటికీ వస్తాది" అన్నాడు నాయన. ఆయన నా మాటకు ఒప్పుకోవడమే! గాల్లో తేలిపోయాను.

డిస్కులు రెండూ ఒకదానితో ఒకటి సరిచూసుకోవడానికి చాలాసేపు పట్టింది. తెర మీద శాతం పెరుగుతుంటే నాయన ఉదయగిరి బస్సు కోసం చూసేవాడిలా ఎంతదాకా వచ్చిందని అడుగుతూనే ఉన్నాడు. "కలిగిరి దాటింది" అన్నాను. ఇంకాసేపటికి "దుత్తలూరు" అన్నాను. కరెంటు పోకుంటే చాలని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. చివరికి తెర మీద రెండు ఇంగ్లీషు యూ అక్షరాలు పక్కపక్కన కనిపించాయి, రెండూ బాగున్నాయని గుర్తు. కుర్చీలోంచి లేచి గంతేశాను. "ఉదయగిరి వచ్చేసింది నాయనా!"

అవ్వ కథను అందులోకి ఎక్కించాక సంబరం నన్ను ఊరుకోనిస్తేగా! చూడమంటూ, నడుస్తున్న కంప్యూటర్లోంచే ఒక డిస్కు కేబుల్ పీకేశాను.

"ఒరే!" అని నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు నాకూ భయమేసింది. తెర మీద ఒక యూ మాయమై, ఆ చోట చిన్న గీత మిగిలింది. గబగబా రికార్డింగు నొక్కాను.

అవ్వ వచ్చేసింది. అదే పెద్ద గొంతుతో నక్కను, మేకపిల్లను వెంటబెట్టుకుని కథ మొదలుపెట్టింది. నాయన చెయ్యి వదల్లేదు. నా గొంతు కలిస్తే పాడవుతుందని, రికార్డు చేసిన రోజు నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఆమెకది నచ్చక, కథ మధ్యలో ఆపి కసిరింది.

"ఏందిరా, ఊ కొట్టవేంది? నిద్రబోయినావా?"

నాయన కంప్యూటర్ దగ్గరికి వంగాడు.

"ఊఁ, లేదుమా. వింటా ఉండా, చెప్పు."