తడి గోడ మీద నీలి చేతులు

కోరుట్లలో లతీఫుద్దీన్ తీసిన ఫొటో బాగా రాలేదని ఎవరూ అనేవారు కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అందుకే అరవై తొమ్మిది ఎండాకాలంలో, తెలంగాణ కోసం బంద్‌లు నడుస్తూ బస్సులు ఆగిపోయినా, సిరిసిల్ల నుంచి భూమయ్య కబురంపగానే కెమెరా పెట్టె, మూడుకాళ్ల స్టాండు సైకిలుకు కట్టుకొని బయలుదేరాడు. సంచిలో మిగిలింది ఫొటో పడే గాజు ప్లేటు ఒక్కటే. జగిత్యాల దుకాణంలో అడిగితే, హైదరాబాద్ సరుకు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలన్నారు.

కథలాపూర్ దగ్గర రోడ్డు మీద కూర్చున్న పిల్లలు ఆయన్ని ఆపారు.

"బంద్ నాడు దుకాణం మోసుకొని ఏడికే కాకా?"

"రేపు కూలగొట్టే ఇంటికి ఫొటో దియ్య పోతున్న."

ఆ మాటకు వాళ్లు లేచి, నీడన కూర్చోబెట్టి, చల్ల తాగించి పంపారు.

భూమయ్యది చేనేత ఇల్లు. మగ్గమున్న ముందు గదిని మరునాడు పడగొట్టి పవర్‌లూమ్ షెడ్డు వేస్తారు. ఆయన తల్లి మొగిలవ్వకు గది పోతుందన్న దిగులు లేదు. చనిపోయిన పెనిమిటి నూలుకు నీలిరంగు అద్ది, లోపలికి వస్తూ రోజూ తలుపు పక్క గోడకు చేతులు తుడిచేవాడు. అక్కడ అచ్చుపడ్డ ఆ నీలి చేతులు ఫొటోలో ఉంటే చాలని ఆమె కోరిక.

లతీఫుద్దీన్ వాకిట్లో దిగి చూస్తే గోడ తెల్లగా మెరుస్తోంది. ఫొటో అంటే ఇంటికి పండుగే కదా అని అత్త కోరిక తెలియని కోడలు సరోజన ముందురోజు సున్నం వేసింది. రాజన్న మొక్కుకు బండి కట్టించుకొని వేములవాడ వెళ్లిన మొగిలవ్వ, తిరిగొచ్చి చూసి గడపలో కూలబడింది. ఆ గోడనే చేత్తో తడుముతూ ఉండిపోయింది. సరోజనను కుంగదీసింది అదే.

"గీకితే రావా లతీఫ్ భాయ్?" అన్నాడు భూమయ్య.

"గీకితే కింది రంగు గూడ రాలుతది."

సరోజన మెల్లగా అంది. "అన్నా, నిన్న సున్నం తడిగున్నప్పుడు మరకలు కనబడ్డయి. ఆరినంకనే మాయమైనయి."

లతీఫుద్దీన్ ముఖం విప్పారింది. "గంతేనా? అయితే మల్ల తడుపుదాం."

"ప్లేటు ఒక్కటేనంటివి. తప్పితే ఎట్ల?"

"నాకు తప్పదు భూమన్నా. అవ్వా, నువ్వు లేచి గోడ పక్కకు నిలబడు."

సరోజన చెంబుతో నీళ్లు చల్లింది. గోడ తడిసేకొద్దీ లోపలి నుంచి వేళ్లు, అరచేతులు నీలంగా పైకి తేలాయి. మొగిలవ్వ కొంగు సర్దుకొని వాటి పక్కన నిలబడింది. లతీఫుద్దీన్ నల్లగుడ్డ కింద దూరి చూసుకొని, బయటికొచ్చి ప్లేటు పెట్టి, బిస్మిల్లా అనుకుంటూ లెన్సు మూత తీశాడు. ఆ క్షణానే గోడ పైభాగం ఆరడం చూసిన సరోజన ఆగలేక ఇంకో చెంబు విసిరింది.

బస్సులు మళ్లీ తిరగ్గానే ఆయన ఫొటో తెచ్చిచ్చాడు. గోడ ఉన్న చోట అప్పటికే పవర్‌లూమ్ చప్పుడు చేస్తోంది. నలుపు తెలుపు ఫొటోలోనూ ఆ చేతులు స్పష్టంగా ఉన్నాయి. అంచున సరోజన చెయ్యి, చెంబు కూడా పడ్డాయి.

"తప్పదంటివి?" అని భూమయ్య నవ్వాడు.

"అంచు కత్తిరిస్తే పోతది," అన్నాడు లతీఫుద్దీన్ కత్తెర తీస్తూ.

మొగిలవ్వ ఫొటోను కొంగులోకి లాక్కుంది. "కత్తెర లోపల పెట్టు కొడుకా. గా చెయ్యి లేకపోతే గీ చేతులు ఏడియి?" లోపలికి తిరిగి కేకేసింది. "సరోజనా, మీ అన్నకు చాయ్ తే బిడ్డా."