రెండు తలుపుల గిటారు

మా బాబాయి వడ్రంగి. తలుపులు చేసేవాడు. మంచి చెక్క అంటే గీత వంకరపోకుండా, చిత్రిక పడితే వెన్నలా ఊడివచ్చేదని లోకమంతా ఒప్పుకున్న రోజుల్లో ఆయన ఒక్కడే ఎదురు తిరిగాడు. ముడులు పడ్డవి, అలలు తిరిగినవి, పులిచారలున్నవి, సాటి వడ్రంగులు పొయ్యిలోకి తోసేసే చెక్కలన్నీ ఏరి తెచ్చి ఇంట్లో మెట్ల కింద పేర్చేవాడు. ఆ చోటికి పిన్ని అనాథాశ్రమం అని పేరు పెట్టింది. చీపురు పెట్టుకోవడానికి జానెడు జాగా అడిగితే, "పాపం, వాటికి మాత్రం ఎవరున్నారే" అనేవాడు.

ఆ అనాథల్లోంచి ఆయన ఎలక్ట్రిక్ గిటారు చెయ్యబోయింది కూతురి కోసం. మా చెల్లెలు కాలేజీ బ్యాండులో అరువు గిటారు వాయించేది. మొదటిది ఆయన తలుపు ధర్మం ప్రకారమే చేశాడు. వానకు ఉబ్బదు, ఎండకు పగలదు. భుజానికి తగిలించుకుంటే మాత్రం మనిషి ముందుకు వంగి నేలతల్లికి నమస్కారం పెట్టాల్సి వచ్చేది.

"నాన్నా, దీనికి గొళ్లెం ఎక్కడ?" అంది చెల్లెలు.

బాబాయి నవ్వలేదు. ఈసారి తేలిక చెక్క తీసుకుని, లోపల అక్కడక్కడా తొలిచి, పైన పల్చటి అందమైన పలక అతికించాడు. దాంతో చెయ్యి తిరిగింది.

ఆ పై పలకలోనే ఉంది కిటుకంతా. గీతలున్న చెక్కను మందంలో రెండు పలకలుగా చీల్చి, పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన పరిస్తే, ఎడమ పక్క బొమ్మ కుడి పక్కన అద్దంలోలా కనబడుతుంది. చెల్లెలు మొదటిసారి పెద్ద వేదిక ఎక్కబోతోందని తెలిసినప్పుడు, దాని గిటారుకి తగిన చెక్క బాబాయి దృష్టిలో లోకం మొత్తం మీద ఒక్కటే ఉంది. అందులో ఒక సగం ఆయన దగ్గరుంది. రెండో సగం మా ఇంట్లో ఉంది. మా నాన్నకీ ఆయనకీ మాటల్లేవు.

ఇక్కడ కాస్త చరిత్ర అవసరం. మా తాతయ్యా వడ్రంగే. గాలివానకు కూలిన ఏదో చెట్టును, కొమ్మ రెండుగా చీలే చోట కోస్తే, లోపల మంట లేచినట్టు గీతలు బయటపడ్డాయట. దాన్ని చీల్చి బీరువాకు జంట తలుపులు చేశాడు. మూస్తే నిలువెత్తు మంట. ఆ బీరువాకు ఒక గుణం ఉండేది. ఒక్క తలుపే తెరిస్తే ఓ పక్కకు ఒరిగి, వీధి చివరిదాకా వినబడేలా కిర్రుమనేది. రెండూ ఒకేసారి లాగితే కిక్కురుమనేది కాదు. ఒక్కో తలుపు లాగడానికి ఒక్కో పిల్లాడి బలమంతా కావాలి. కాబట్టి చిన్నప్పుడు అందులోని బిస్కెట్ల డబ్బాకు చెయ్యి అందాలంటే అన్నదమ్ములిద్దరూ ఉండి తీరాలి. "ఒకేసారి" అని నాన్న గుసగుసలాడేవాడు, ఇద్దరూ లాగేవారు. తాతయ్య చాలాకాలం ఎలుకలను అనుమానించాడు.

తాతయ్య పోయాక బీరువా నాకంటే నాకని ఇద్దరూ భీష్మించుకున్నారు. పెద్దమనిషిగా వచ్చిన దూరపు మామయ్య కళ్లు మూసుకుని, గొంతు సవరించుకుని తీర్పు చెప్పాడు: తలా ఒక తలుపు. అంత న్యాయం జరిగాక ఇక మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది? బాబాయి తన తలుపును మెట్ల కింద దాచుకున్నాడు. కుర్రతనంలో తాతయ్య దగ్గర ఉలి పట్టి, తర్వాత గుమస్తాగా స్థిరపడిన మా నాన్న, తన తలుపును ఇస్త్రీ బల్ల చేశాడు.

ఒక ఆదివారం పొద్దున మా తలుపు ముందు ఇంకో తలుపు నిలబడింది. దాని వెనక బాబాయి ఉన్నాడు.

"రావయ్యా, దారి తప్పావా?" అంది అమ్మ.

"ఆ ఇస్త్రీ బల్ల ఓసారి చూసిపోదామని, వదినా."

నాన్న పేపరు దించలేదు. "బట్టలేమైనా ఉంటే అక్కడ పెట్టి పొమ్మను మీ మరిదిని."

"అమ్మాయికి గిటారు చెయ్యాలి వదినా. ఆ సగం లేకపోతే నా సగం దేనికీ కొరగాదు. ఇస్తాడేమో అడుగు."

"వినబడిందని చెప్పు."

"నేనేమన్నా పోస్టాఫీసునా? ఇద్దరూ ఒకే గదిలో ఉండి ఏడ్చారుగా!" అంటూ అమ్మ బల్ల మీది దుప్పటి లాగేసింది.

మంట కనబడింది. దాని నడుమ ఇస్త్రీపెట్టె ఆకారంలో నల్లటి మచ్చ.

"అయ్యయ్యో, ఇదెవరి ప్రతాపం?"

"పెట్టె దాని మీదే వదిలేసి పేపర్లో గళ్లు నింపుకున్నదెవరో కనుక్కో," అంది అమ్మ.

పేపరు ఇంకాస్త పైకి లేచింది.

బాబాయి తన పలకను దాని పక్కన ఆనించాడు. ఒక మంట పైకి పోతే, ఇంకో మంట కిందికి పోయింది. ముందుకు జరిపాడు, వెనక్కు జరిపాడు, తల గోక్కున్నాడు. పేపరు అంచు మీద నాన్న కళ్లు తేలాయి. మునిగాయి. మళ్లీ తేలాయి.

"ఎందుకో కుదరట్లేదు వదినా. ఇన్నాళ్లూ విడివిడిగా ఉండి చెక్క వంగిపోయిందేమో. పోనీలే, ఇంక..."

"తలకిందులుగా పట్టుకున్నావురా తలమాసినవాడా!" పేపరు నేల మీద ఉంది. "మొదలు ఇటు రావాలి కదా! నాన్న దగ్గర నేర్చుకున్నది ఇదేనా?"

బాబాయి పలక తిప్పాడు. రెండు మంటలూ ఒకటయ్యాయి.

"పుట్టినప్పటి నుంచీ తలుపులు చేస్తున్న మనిషికి తలేదో తోకేదో తెలీలేదు, పాపం," అంటూ అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే నాన్న పాత చొక్కా వేసుకుని బాబాయి షెడ్డుకు వెళ్లాడు. ఇస్త్రీ ఆవిరికి వెలిసినది నాన్న పలక, చీకట్లో నల్లబడినది బాబాయిది. పైపొర పోయేసరికి రెండింటిదీ ఒకే రంగు. నాన్న చిత్రిక పడితే అలల దగ్గర చెక్క పెచ్చులు లేచింది.

"ఏటవాలుగా పట్టు అన్నయ్యా. దీన్ని దబాయిస్తే వినదు, బతిమాలుకోవాలి."

"నాకు చెప్పొచ్చావు!" అంటూనే నాన్న ఏటవాలుగా పట్టాడు. "ఇంకాస్త తోస్తే ఈ మచ్చ కూడా పోతుందిరా."

"పలక మరీ పల్చబడిపోతుంది. ఉండనీ."

ఇప్పటికీ ఉంది. చెల్లెలు వాయిస్తుంటే ముందు వరసలో వాళ్లు అదేదో డిజైను అనుకుంటారు. నాన్నా లేడు, బాబాయీ లేడు, అమ్మా పిన్నీ కూడా లేరు. షెడ్డు ఉన్నచోట ఇప్పుడెవరివో కార్లు ఆగుతున్నాయి. ఇస్త్రీపెట్టె సంగతి తెలిసినవాళ్లం చెల్లెలూ నేనూ మిగిలాం.

ఆ రోజు జిగురు రాసింది బాబాయే. అది ఆరేలోపు రెండు అంచులూ కలవాలి. ఒకటి ముందూ ఒకటి వెనకా అయితే జారిపోతాయి. బల్లకు అటు నాన్న, ఇటు బాబాయి, చెరో పలక పట్టుకుని నిలబడ్డారు. బాబాయి కదలడు. అన్నయ్య మొహంలోకి చూస్తున్నాడు. జిగురు ఆరిపోతోంది.

నాన్న దగ్గాడు. అటూ ఇటూ చూశాడు.

"ఒకేసారి," అన్నాడు గుసగుసగా.

చప్పుడు కాలేదు.