బాయిలర్ నెత్తిమీది వాల్వు

మొసలి మీద కూర్చుని కృష్ణ దాటానని చెప్పిన నోరు నాది. ఇది మాత్రం ఏమీ కలపకుండా రాస్తున్నాను. కలపడానికి ధైర్యం చాలదు.

బీచుపల్లిలో మా అక్కాబావలకు చిన్న సత్రం ఉంది. అంజన్న గుడికొచ్చేవాళ్ల స్నానాలకు పెరట్లో కట్టెల బాయిలర్ పెట్టారు. దాని నెత్తి నుంచి ఒక ఇనుప గొట్టం మిద్దె మీది చిన్న ట్యాంకుకు పోతుంది. కాగిన నీళ్లు ఉబ్బుతాయి కదా, ఉబ్బిన నీళ్లకు అదొక్కటే దారి. అయితే కోతులు ట్యాంకు మూత లాగేసి అందులో జలకాలాడేవి. అంజన్న కోతులను కొడితే అక్క ఊరుకోదు. ఆ మురికి కిందికి దిగకూడదని బావ గొట్టానికి మధ్యలో వాల్వు పెట్టించాడు. సాయంత్రం మూసేవాడు, పొద్దున పొయ్యి రాజేసే ముందు తెరిచేవాడు.

ఆ శనివారం జనం ఎక్కువై, బావ గదులు చూపించడంలో పడ్డాడు. ఇంకా ఎవరూ స్నానానికి దిగలేదు, నల్లాలన్నీ కట్టేసే ఉన్నాయి. నేను పళ్లు తోముకుంటూ పెరట్లోకి వచ్చేసరికి అక్క పీట మీద కూర్చుని పొయ్యిలోకి తుమ్మకట్టెలు ఎగదోస్తోంది. బాయిలర్ మూలుగుతోంది. లోపల ఎవరో గుద్దుతున్నట్టు దాని పొట్ట అదురుతోంది. తలెత్తి చూశాను. వాల్వు మూసే ఉంది.

"అక్కా, లేవే! బాయిలర్ పేల్తది!"

"పొద్దుగాలనే మొదలువెట్టినవా? మొన్న మొసలి, ఇయ్యాల బాయిలరా?"

"నీ కాళ్లు మొక్కుత, లేవే!"

"చాయ్ కావాల్నంటే అడుగు. గింత నాటకమెందుకు?"

అక్కకు మోకాళ్ల నొప్పులు. ఎవరైనా చేయి పట్టనిదే లేవలేదు. చంకల కింద చేతులు వేసి, పీటతో సహా గోడ అవతలికి ఈడ్చాను. దారి పొడుగునా తిడుతూనే ఉంది.

ఆ కేకలకు ఉరికొచ్చిన బావ, బాయిలర్ మీద పోయడానికి చన్నీళ్ల బకెట్ ఎత్తాడు.

"పొయ్యకు బావా, పగుల్తది! నల్లా తిప్పు!"

బావ చేతికి తువ్వాలు చుట్టుకుని, తలుపు చాటు నుంచి స్నానాలగది నల్లా తిప్పాడు. ఆవిరి బుస్సుమని గదంతా కమ్మేసింది. నేను పొడుగాటి కర్రతో మండుతున్న కట్టెలు బయటికి లాగాను. మూలుగు ఎంతకూ ఆగదే! చివరికి బాయిలర్ ఒకసారి ఎక్కిళ్లు పెట్టి ఊరుకుంది.

అప్పుడు అక్క తిట్లు ఆగాయి. ముఖంలో నెత్తురు లేదు.

"ఆ వాల్వు కోసెయ్యి," అంది బావతో. "అది పోయేదాంక పొయ్యి ముట్టియ్య."

చన్నీళ్ల స్నానమా అని యాత్రికులు సణిగారు. అక్క వినలేదు. అంతా చల్లారాక బావ ఆక్సా బ్లేడు తెచ్చి గొట్టం కోయడం మొదలుపెట్టాడు, నేను పట్టుకున్నాను. రెండు కోతలకే బ్లేడు పక్కకు ఎగిరింది.

"బామ్మర్దీ, గొట్టం పట్టుకున్నవా, ఊపుతున్నవా?"

నా చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.