తొండ దొంగనిద్రను పట్టేసిన మా అత్తగారు

మా అత్తగారు పోయారని ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను మెల్‌బోర్న్ శివార్లలో టార్నీట్ రైల్వే స్టేషన్ కార్ పార్కులో ఉన్నాను. వెంటనే ఏడుపు రాలేదు. "సరిగ్గా చూశారా?" అన్నాను. ఆయన, "అచ్చం అమ్మలాగే అడిగావు" అన్నారు. అప్పుడు ఏడ్చాను.

ఆవిడ దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. పాల డబ్బా మీది తేదీని నమ్మరు, మూత తీసి వాసన చూస్తారు. ఈరోజు వాన లేదని ఫోన్ చెబితే, అంత గట్టిగా చెబుతోందంటే ఏదో ఉందని ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చేస్తారు. మెల్‌బోర్న్ వాతావరణం పుణ్యమా అని ఈ ఒక్క విషయంలో ఎక్కువసార్లు ఆవిడే గెలిచారు. ఒకసారి సూపర్ మార్కెట్లో బిల్లు మనమే వేసుకునే మిషన్, సంచీలో ఏదో అదనంగా ఉందని ఆగిపోయి ఎర్రలైటు వెలిగించింది. "నన్నే అనుమానిస్తోందా ఇది!" అని ఆవిడ దాని ముందు నుంచి కదల్లేదు. ఇంటికొచ్చాక మాత్రం, ఈ దేశంలో తెలివున్నది అదొక్కటే అన్నారు.

"అనుమానం పెనుభూతం అమ్మా" అని మా ఆయన ఏడిపించేవారు. "ఉండనీరా, ఇంటికి కాపలా కాస్తుంది" అనేవారు ఆవిడ. "నమ్మి చెడినవాళ్ళు లేరంటారు గానీ, మా వీధిలో చెడినవాళ్ళంతా నమ్మినవాళ్ళే."

కొత్తలో ఈ అనుమానాలన్నీ నా మీదేననుకుని కుళ్ళిపోయేదాన్ని. "తిన్నావా అమ్మాయ్?" అనేవారు. తిన్నానంటే వెళ్ళి సింకులో నా కంచం ఉందో లేదో చూసొచ్చేవారు. ఒకసారి నా ఉద్యోగం పోయింది. ఇంట్లో చెప్పడానికి మొహం చెల్లక పొద్దున్నే బ్యాగు తగిలించుకుని బయల్దేరి లైబ్రరీలో కూర్చునేదాన్ని. ఓ సాయంత్రం ఆవిడ నా లంచ్ డబ్బా చేత్తో ఎత్తి చూసి, "బరువుగానే తిరిగొస్తోంది. ఆఫీసులో తినట్లేదా, అసలు ఆఫీసే లేదా?" అన్నారు. వంటగదిలో నిలబడి ఏడ్చేశాను. ఆ మాట ఆవిడ ఎవరికీ చెప్పలేదు, కొడుక్కి కూడా. మర్నాడు అన్నం వడ్డించి, "ఇంట్లోనే తిను, వేడిగా ఉంటుంది" అన్నారంతే.

ఇక తొండ సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఆవిడ గురించి చెప్పినట్టు కాదు.

మా అమ్మాయి వీడియోల్లో ఊసరవెల్లిని చూసి అదే కావాలని పట్టుబట్టింది. అందరం కలిసి పాములూ బల్లులూ అమ్మే షాపుకి వెళ్ళాం. ఒంటినిండా పచ్చబొట్లున్న అతను, ఊసరవెల్లిని ఈ దేశంలో ఇళ్ళల్లో పెంచనివ్వరని చెప్పి, ఇక్కడి జీవినే, అదీ లైసెన్సు తీసుకుని పెంచుకోవాలంటూ మెడ కింద గడ్డంలా ముళ్ళున్న ఒక బియర్డెడ్ డ్రాగన్‌ని చూపించాడు. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు.

"ఇది తొండ."

"ఇది ఆస్ట్రేలియాదండీ అత్తయ్యగారూ."

"అయితే ఆస్ట్రేలియా తొండ. దీనికి లైసెన్సు కూడానా? మా దొడ్లో కంచె నిండా ఉండేవి, ఒక్కదానికీ లైసెన్సు లేదు. రంగు మారుస్తుందేమో అడుగు."

అడిగాను. కొద్దిగా మారుస్తుందనీ, కోపమొస్తే గడ్డం నల్లబడుతుందనీ అన్నాడు.

"చూశావా! ఊసరవెల్లి కుదరదంటూనే దాని చుట్టాన్ని అంటగడుతున్నాడు. రంగు మార్చేదాన్ని నమ్మి ఇంట్లో పెట్టుకుంటామా?"

పెట్టుకున్నాం. మా అమ్మాయి దానికి మ్యాంగో అని పేరు పెట్టింది. అత్తగారు 'దొంగ' అనే పిలిచేవారు. దాని మీద ఓ కన్నేసి ఉంచాలి కదా అని కుర్చీ తెచ్చి అద్దాలపెట్టె పక్కనే వేసుకున్నారు. కాపలా అన్నారు గానీ చాకిరీ అంతా ఆవిడదే. వేడి దీపం కింద థర్మామీటరు ఉన్నా నమ్మక అరచెయ్యి పెట్టి చూసేవారు. కూరలోకి గుమ్మడికాయ తరిగితే ముందు దాని వాటా సన్నగా తురిమి తీసేవారు. మా శాకాహారపు ఇంట్లో దానికోసం బతికున్న కీచురాళ్ళ డబ్బా ఉండేది. మొహం అటు తిప్పుకుని "రామ రామ" అంటూ అవి కూడా వేసేవారు. తింటే దొంగతిండి, తినకపోతే నాటకం. దానికి ఆవిడ దగ్గర మంచిపేరు రావడం కల్ల.

చలికాలం వచ్చింది. మ్యాంగో తిండి మానేసి పెట్టెలోని దుంగ కింద దూరింది. ఓ శనివారం పొద్దున మా అమ్మాయి దాన్ని బయటికి తీస్తే చల్లగా ఉంది, కాళ్ళు వేలాడిపోతున్నాయి. మా ఆయన కూడా పట్టుకుని చూసి తల అడ్డంగా ఊపారు. పిల్ల ఏడుపు చూడలేక, వెనక నిమ్మచెట్టు దగ్గర గొయ్యి తవ్వి, చెప్పుల పెట్టెలో తువ్వాలు పరిచి తెచ్చారు. అత్తగారు చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చారు.

"చచ్చిందని ఎవరు చెప్పారు?"

"చూడమ్మా, కదలట్లేదు."

"కదలకపోతే చచ్చినట్టా? ఆదివారం నువ్వు కదులుతావా? దీని సంగతి నాకు తెలుసు. ఇది దొంగనిద్ర."

"నాన్నమ్మా, షీ ఈజ్ డెడ్. ప్లీజ్ స్టాప్!" అని పిల్ల గట్టిగా అరిచింది.

"పసిదానికి లేనిపోని ఆశ పెట్టకు" అని మా ఆయన కూడా విసుక్కున్నారు. నాకూ ఆవిడ మీద కోపమొచ్చింది. ఆవిడ ఎవరి మాటా వినలేదు. తొండని మళ్ళీ అద్దాలపెట్టెలో పెట్టి, ముగ్గు డబ్బాలోంచి బియ్యప్పిండి తీసి దాని చుట్టూ ఇసుక మీద పల్చగా చల్లారు. "మా పుట్టింట్లో మీగడ దొంగని ఇలాగే పట్టాం. మా అన్నయ్యే. రేపటిదాకా ఆగండి, గొయ్యి ఎక్కడికీ పోదు."

మర్నాడు పొద్దున్నే ఆవిడ కేకకి లేచాం. "రండి రండి! దొరికాడు దొంగ!" పిండిలో చిన్న చిన్న కాలిగుర్తులు, తోక ఈడ్చిన గీత. మ్యాంగో ఇటున్నది అటు తిరిగి పడుకుని ఉంది. మా అమ్మాయి నాన్నమ్మని ఎంత గట్టిగా వాటేసుకుందంటే ఇద్దరికీ ఒళ్ళంతా పిండయింది.

జంతువుల డాక్టరుకి చూపిస్తే, చలికాలంలో ఇవి వారాల తరబడి ఇలాగే పడుకుంటాయి, కంగారు లేదంది. అత్తగారు నమ్మలేదు. "వారాల తరబడి నిద్రేమిటి? ఆ డాక్టరమ్మ కూడా దాని పక్షమే." మా ఆయన వెళ్ళి గొయ్యి పూడ్చేశారు. ఆవిడ చెప్పిన కారణం తప్పే. తొండకి దొంగబుద్ధి ఏమిటి? కానీ చదువుకున్నవాళ్ళం మేమిద్దరం ఒక్క చూపుతో నమ్మేసి ప్రాణమున్నదాన్ని పూడ్చబోయాం. నమ్మనన్న మనిషి వల్ల అది బతికింది. ఆ రోజు నుంచి ఆవిడ నా కంచం కోసం సింకులోకి తొంగిచూస్తే నాకు కోపం రాలేదు. ఇప్పుడు ఎవరూ చూడరు. తిన్నానంటే అందరూ నమ్మేస్తున్నారు, అదే నాకు దుఃఖంగా ఉంది.

ఈ చలికాలం మొదట్లోనే ఆవిడ వెళ్ళిపోయారు. మ్యాంగో మళ్ళీ దుంగ కింద పడుకుంది. పెద్దకర్మ అయి, సిడ్నీ నుంచి వచ్చిన చుట్టాలు వెళ్ళిపోయాక, ఓ పొద్దున హాల్లోకి వస్తే ఆవిడ కుర్చీ చుట్టూ నేల తెల్లగా కనిపించింది. పక్కన ముగ్గు డబ్బా. పోయినవాళ్ళ కోసం పిండి చల్లి గుర్తులు చూసే ఆచారం మా వైపు ఉంది. ఆ సంగతి మేమెవరం పిల్లకి చెప్పలేదు. అది తొండ దగ్గర నేర్చుకున్నదే.

మా అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని పిండిని పరీక్షగా చూస్తోంది. ఎక్కడా గుర్తు లేదు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నాన్నమ్మ ఈజ్ బెటర్ ఎట్ దొంగనిద్ర దాన్ మ్యాంగో" అంది నా వైపు చూడకుండానే.

ఇల్లు ఊడ్చేటప్పుడు ఆ కుర్చీ చుట్టూ పిండిని అలాగే వదిలేస్తున్నాను. పొద్దున కాఫీ కప్పుతో అటు వెళ్తూ ఒకసారి వంగి చూస్తాను.