బాయిలర్‌లో రెండో మనిషి

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. మా జనగామలో ఎవరైనా ఫలానా ఇంట్లో ఏదో తిరుగుతోందంటే, పనీపాటా లేదా అని కసురుకునేవాణ్ని. ఇప్పుడు నేనే చెబుతున్నాను కాబట్టి మీరు నవ్వినా పడాలి.

నాది బాయిలర్ గొట్టాలకు లోహపు పూత వేసే పని. మంటకూ బూడిదకూ ఆ గొట్టాలు పలచబడి ఎక్కడో ఒకచోట పగులుతాయి. అందుకని గరుకు రవ్వను గాలితో కొట్టి, ఆ గొట్టాలు వరసగా అతికిన గోడను తెల్లగా తోమి, నికెల్, క్రోమియం కలిసిన తీగను కరిగించి చల్లుతాం. తోమిన గోడను కొన్ని గంటల్లోనే కప్పెయ్యాలి. ఆలస్యమైతే తుప్పు పట్టి, ఎంత మంచి పూత వేసినా పెచ్చులూడిపోతుంది.

తెలంగాణ ఉద్యమం మంచి వేడి మీదున్న రోజులు. భూపాలపల్లి వైపు ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపి ఉంటే, నేనూ దంతాలపల్లి యాదగిరన్నా పనికి పోయాం. గోడ తోమడం అయ్యాక బంద్ అని కబురొచ్చింది. నేనూ తెలంగాణ కావాలన్నవాణ్నే. కానీ తోమిన గోడను వదిలేస్తే చేసిన చాకిరీ అంతా గంగలో కలిసినట్టే. ఒక్క వరస పూత వేసి వస్తానని బాయిలర్ లోపలికి దూరాను. యాదగిరన్న బయట కాపలా ఉన్నాడు.

మా పనిలో ఒక పద్ధతుంది. లోపలికి పోయేవాడు బూట్లు తొడుక్కొని, చెప్పులు మ్యాన్‌హోల్ ముందు, అంటే లోపలికి దూరే చిన్న తలుపు ముందు విడుస్తాడు. అవి కనబడినంతసేపూ ఆ తలుపు ఎవరూ మూయరు.

కాసేపటికి యాదగిరన్న తల లోపలికి పెట్టాడు. ఊరేగింపు గేటు దాటి వస్తోందట.

"బంద్ నాడు పనిజేస్తున్నవని తెలిస్తే ఊకోరు తమ్మీ. జర సప్పుడు జెయ్యకు. వాళ్లు పోంగనే తీస్త."

నా చెప్పులు తన సంచిలో దాచి, తలుపు మూసి బోల్టు బిగించాడు. నన్ను కాపాడదామనే చేశాడు పాపం. ఊరేగింపు అతన్నీ కలుపుకొని పోయిందని, గేటు బయట పోలీసులు అందరినీ వ్యానెక్కించారని నాకు తర్వాత తెలిసింది.

కరెంటు పోయింది. దీపం ఆరింది, గాలి ఫ్యాను ఆగింది. నేను పానా తీసుకొని తలుపును బాదాను, గోడను బాదాను. ఎవరూ పలకలేదు. ఉక్కపోతకు ఊపిరాడలేదు. దువా చదువుకుందామంటే మాటలు గుర్తుకు రాలేదు. ఇక్కడే పోతాననుకుని ఏడ్చాను.

అప్పుడు నా తలపైన గోడ మోగింది. నేను కొడితే ఆగేది, ఆగితే మోగేది. ప్రతిసారీ కొంచెం పైకి జరిగేది. చీకట్లో తడుముకుంటూ, పని కోసం కట్టుకున్న పరంజ ఎక్కాను. చప్పుడు ఆగినచోట మొహానికి గాలి తగిలింది. అది మంట చూసే చిన్న కంత. దాని మూత కాస్త తెరిచి ఉంది. అక్కడ నోరు పెట్టి అరిచాను.

వాచ్‌మన్ వచ్చి కింద తలుపు తీశాడు. తొడుగులున్న నా చేతులు పట్టుకొని బయటికి లాగి, మళ్లీ లోపలికి తొంగిచూశాడు.

"రెండో ఆయన ఏడి? గోడ రెండు తావుల మోగింది గదా."

టార్చి వేసి వెతికాడు. లోపల ఎవరూ లేరు.

తెల్లారి పోలీసులు విడిచిపెట్టగానే యాదగిరన్న వచ్చి నన్ను పట్టుకొని ఏడ్చాడు. ఇద్దరం లోపలికి పోయాం. తోమిన ఇనుమును వట్టి చేత్తో ముట్టుకుంటే, చెమటకు తెల్లారేసరికి ఆ చెయ్యి ఆకారంలోనే తుప్పు లేస్తుంది. పరంజ పక్కన గోడ మీద, కింద నుంచి ఆ కంత దాకా ఎర్రటి చేతి గుర్తులున్నాయి. నేను తొడుగులు తియ్యలేదు. పైగా అవి నా చేతులకంటే చిన్నవి.

ఆ బాయిలర్‌లో ఎప్పుడైనా ఎవరైనా చనిపోయారా అని అందరినీ అడిగాం. లేదన్నారు.

గుర్తులు ఉంచితే పూత నిలవదు. మళ్లీ తోమాం, పూత వేశాం. పని అయ్యాక మంట వెలిగించడానికి తలుపు మూయబోతుంటే నేను ఆపి, లోపలికి తల పెట్టాను.

"ఎవరన్న ఉంటే బయటికి రాండ్రి."

యాదగిరన్న నవ్వలేదు. నాతోపాటు ఆగాడు. ఎవరూ రాలేదు. తలుపు మూశాం. లోపల మంట అంటుకున్న చప్పుడు వినగానే నేను పక్కకు పోయి వెక్కి వెక్కి ఏడ్చాను. ఎవరి కోసమో ఇప్పటికీ చెప్పలేను.