బావ వాయించిన డ్రమ్స్

నిజానికి ఆయన ఒక్కడికే బావ, రాక్ పాటలు పాడే బావమరిదికి. వాడు ప్రతి కచేరీలోనూ మైకు పట్టుకుని "డ్రమ్స్ మీద మా బావ!" అని వెనక్కి చెయ్యి చూపించడంతో చివరికి అందరికీ బావ అయిపోయాడు. పగలు కార్ల షెడ్డులో సొట్టలు తీస్తాడు. రేకు లోపలివైపు ఇనపదిమ్మ ఆనించి, పైనుంచి సుత్తితో దెబ్బ మీద దెబ్బ వేస్తూ చదును చేస్తాడు. సాయంత్రాలూ సెలవు రోజులూ డ్రమ్స్ ముందు కూర్చుంటాడు. రెండు పనులకీ ఆ చెయ్యే. మొహమాటం ఎరగని చెయ్యి. వీళ్ళు సాధన మొదలుపెడితే పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకునేవారు, తర్వాత ఇల్లే మారిపోయారు.

బావమరిది గొంతు కూడా అలాంటిదే. ముప్పయ్యేళ్ళు గర్జించి గర్జించి అది కాస్తా చెడింది. ఇక అరిస్తే ఉన్నది కూడా పోతుందని డాక్టరు చెప్పేశాడు. అందుకని ఆఖరి ఆల్బమ్ ఒకటి మెల్లగా పాడి ముగించేద్దామనుకున్నాడు. సగం ఫ్రెంచి పాటలు, సగం అందరికీ తెలిసిన పాత పాటలు. ఒక్కటీ సొంతం కాదు.

"ఫ్రెంచి ముక్క రాదు, నీకెందుకురా ఆ పాటలు?" అన్నాడు బావ.

"గొంతు పోయినా ముక్కుంది కదా బావా! సగం దాంతోనే పాడాలట."

బావ నవ్వాడు గానీ ఆ రోజంతా మనసు మనసులో లేదు. అంత నెమ్మది పాటలకి తనలాంటివాడితో ఏం పని? "ఈ ఒక్కదాంట్లో నా చెయ్యి ఉంటే చాలు. ఆ తర్వాత సుత్తి పట్టుకునే బతికేస్తాను" అన్నాడు భార్యతో. ఆమె పాటగాడికి అక్క. భోజనాల బల్ల ఖాళీ చేసి ఇచ్చింది. ఆ బల్ల మీద అట్టముక్క పరిచి, మెత్తగా వాయించడానికి వాడే సన్న తీగల బ్రష్షులతో నెలల తరబడి రుద్దాడు పాపం. మొదట్లో అట్టలు చిరిగిపోయేవి. పోగా పోగా చిరగడం మానేశాయి.

రికార్డింగులో ఆయన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టారు. సంగీతం కూర్చిన పెద్దమనిషి "మీరు వాయిస్తూ ఉండండి సార్, మీ వెనకే అందరూ నడుస్తారు" అన్నాడు. అలాగే నడిచారు. ఒక ఫ్రెంచి పాట చివర బావమరిది గొంతు జీరపోయి ఆగిపోబోతే, బావ తాళాన్ని ఒక్క పిసరు సాగదీసి వాణ్ణి ఒడ్డుకు లాక్కొచ్చాడు. అద్దానికి అవతల వాడు కళ్ళు తుడుచుకోవడం చూసి, తన జన్మ ధన్యమైందనుకున్నాడు.

ఆల్బమ్ ఇంటికొచ్చింది. అట్ట మీద అచ్చులో 'డ్రమ్స్: బావ' అని ఉంది. భార్యాభర్తలిద్దరూ కూర్చుని పెట్టుకున్నారు. మొదటి పాటలో పియానో, గిటారు, వాడి గొంతు. డ్రమ్స్ తర్వాత వస్తాయి కాబోలు అనుకున్నాడు. పాట అయిపోయింది. రెండోదీ అంతే. అన్నీ అంతే. పక్కన భార్య మాత్రం డ్రమ్స్ వినిపిస్తున్నట్టే తల ఊపుతోంది. అందరూ తాళం తప్పకుండా ఉండటానికి వాయింపించుకుని, చివర్లో అన్నీ కలిపి పాట తయారుచేసేటప్పుడు ఆ డ్రమ్స్ తీసేయడం స్టూడియోల్లో మామూలే. తనకా పని చేస్తారని మాత్రం కల్లో కూడా అనుకోలేదు.

మర్నాడు షెడ్డులో కార్లకి రంగు కొట్టే ఆయన ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "ఇంత నాజూగ్గా వాయిస్తావనుకోలేదు బావా! అసలు ఉన్నట్టే తెలియలేదు."

బావ ఏదో గొణిగి సుత్తి అందుకున్నాడు. తీయాల్సిన సొట్ట పక్కన ఇంకో సొట్ట పడింది. సుత్తి అక్కడే పడేసి తిన్నగా బావమరిది ఇంటికి వెళ్ళాడు.

"తీసేస్తే తీసేశావు. నాతో ఒక్క మాట చెప్పకూడదట్రా?"

వాడు తల ఎత్తలేదు. "నువ్వు వాయిస్తుంటే బాగానే ఉంది బావా. తీసేసి విన్నాం, ఇంకా బాగుంది. అది నీకు ఏ నోటితో చెప్పను?"

తిట్టాలనే వచ్చాడు బావ. కానీ ముందురోజు విన్న పాట చెవిలోనే ఉంది. వాడన్నది నిజమే. తను లేని పాటే బాగుంది.

"మరి పేరెందుకు వేశావు? షెడ్డులో వాళ్ళు పొగుడుతుంటే నాకు చచ్చినంత పనవుతోంది."

"అక్క అడిగింది. తీసేశామని ముందు తనకే చెప్పాను. పేరైనా ఉంచరా అని నా కాళ్ళా వేళ్ళా పడింది. తను అడిగినట్టు నీకు తెలియనివ్వనని మాటిచ్చాను బావా, అదీ నిలబెట్టుకోలేకపోయాను."

బావ లేచి ఇంటికొచ్చేశాడు. దారిలో ఎవరో పలకరించినా వినిపించుకోలేదు. ఆమెను ఏమని అడగాలి? అడిగితే తనకోసం తమ్ముడి ముందు అంత తగ్గిన మనిషి, ఇప్పుడు తన ముందు తలదించుకోవాలి.

ఇంట్లో ఆల్బమ్ మోగుతోంది. ఆమె బట్టలు మడతపెడుతూ, అలికిడి విని, తలుపు వైపు తిరిగి నవ్వింది.

"ఈ పాటలో మీ చెయ్యి భలే కుదిరిందండీ."

ఆయన చెప్పులు విప్పి, వచ్చి పక్కన కూర్చున్నాడు. పాట సగంలో ఉంది. బావమరిది తెలియని భాషలో ఎంతో బాగా పాడుతున్నాడు.

"దీనికంటే తర్వాతది బాగా వాయించాను" అన్నాడు.

"అవునా? అయితే ఉండండి" అంటూ ఆమె లేచి శబ్దం పెంచింది.