మల్లవ్వ కథకు ఊకొట్టినదాన్ని

మొన్న శామీర్‌పేట నుంచి తెలిసినవాళ్లు కొత్త చింతపండు పంపారు. సుచిత్రలో మేముండే అపార్ట్‌మెంటుకు ఎండ రావడమే గగనం. బాల్కనీలో పడే ఆ మూరెడు ఎండలోనే పాత గుడ్డ పరిచి ఆరబోశాను. మధ్యాహ్నానికి ఆ పుల్లటి వెచ్చటి వాసన ఇల్లంతా పట్టింది. చిన్న కట్టెతో కొట్టి గింజలు తీసుకుంటూ కూర్చున్నాను. మనవరాలు టీవీలో ఏదో సినిమా చూస్తోంది. చాలా రోజులు మంచం దిగకుండా పడుకున్న ఒక పిల్ల ఆ పూట లేచి, తలస్నానం చేసి, ప్రాణంగా పెంచుకున్న కుక్కపిల్లను పక్కింట్లో ఇచ్చేసి నవ్వుకుంటూ వస్తోంది. "గా పిల్లను ఒక్కదాన్ని ఇడువొద్దు," అన్నాను. "ఇప్పుడే గదనే అవ్వా ఆమె బాగైంది! నువ్వు గింజలు తీసుకో," అంది మనవరాలు. కాసేపటికి టీవీ ఆపేసి వచ్చి నా పక్కన కూలబడింది. "ఆమె గట్ల జేస్తదని నీకెట్ల తెలిసిందే? గీ సినిమా చూసినవా?"

నేను సినిమాలు చూసింది తక్కువ. టికెట్టు కొనుక్కుని మరీ ఏడవడం ఎందుకని నా ఉద్దేశం. నాకు తెలిసింది సినిమాల వల్ల కాదు, మల్లవ్వ వల్ల.

మల్లవ్వ మేడ్చల్‌లో మా పక్కిల్లు. నిజాం రాజ్యం ఇంకా నడుస్తున్న రోజులు. ఆమె పెనిమిటి బాగోతాలలో ఆడవేషం కట్టేవాడు. నేను పుట్టేనాటికే ఆయన పోయాడు. ఆయన గజ్జెలు, సవరం, అద్దాల రైక ఒక కుండలో పెట్టి ఉట్టి మీద దాచుకుంది మల్లవ్వ. మనిషి పొడుగు, గొంతు బొంగురు. నవ్వితే వీధి చివరికి వినబడేది, తిట్టినా అంతే. ఎండాకాలం వస్తే షావుకారు బండెడు చింతకాయ ఆమె వాకిట్లో పోయించేవాడు. వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి బోరు, అంటే పైపెంకు, ఒలిచి, కట్టెతో కొట్టి గింజ తీసేవాళ్లం. నాకప్పుడు పదేళ్లుంటాయి. చర్చి వాళ్ల బడిలో రెండేళ్లు అక్షరాలు దిద్దాను. అంతలో అమ్మ "సదివి పట్వారీగిరి జేస్తవా?" అని మాన్పించి, చేతికి కట్టె ఇచ్చి మల్లవ్వ వాకిట్లో కూర్చోబెట్టింది.

బడి పోయిందన్న నా ఏడుపు అక్కడే తీరింది. ఎందుకంటే మల్లవ్వ పని చేయిస్తూ పెనిమిటి ఆడిన ఆటలన్నీ కథలుగా చెప్పేది. అయితే ఊరికే చెప్పేది కాదు. ఎవరో ఒకరు ఊకొట్టాలి. ఊ లేని కథ నోట్లోంచి రాదని మా వైపు మాట. పెద్దవాళ్లు మధ్యలో ముచ్చట్లలో పడేవాళ్లు, పిల్లలు కునికేవాళ్లు. నేను మాత్రం పనికి పని, ఊకు ఊ. చూసి చూసి ఒకనాడు, "లచ్చి, ఇగ నువ్వే ఊ కొట్టాలె. నీ ఊ ఆగితే నా కత ఆగుతది," అంది. సర్కారు నౌకరీ దొరికినంత గర్వంగా అనిపించింది నాకు.

ఆమె కూడా నా ఊను ఊరికే వినేది కాదు. "ఏందే, ఇయ్యాల నీ ఊ సల్లగున్నది? అమ్మ కొట్టిందా?" అని ఇట్టే పట్టేసేది. మనిషి అబద్ధం చెబుతుంది గానీ ఊ చెప్పదు అనేది.

ఆ కథల్లో ఒక రాణి కథ ఉండేది. చేయని తప్పు మీద పడి, రాజు కూడా నమ్మక, రాణి అన్నం మాని మూల కూర్చుంటుంది. ఒక పొద్దున ఉన్నట్టుండి లేస్తుంది. పెంపుడు చిలుకను దాసికిస్తుంది. చెలికత్తెకు తన రవ్వల దండ పెడుతుంది. తనను తిట్టిన అత్తగారి కాళ్లు కడిగి, "తప్పులుంటే మన్నించు," అని నవ్వుతుంది. కోట అంతా సంబరపడుతుంది. మర్నాటికి రాణి ఉండదు. ఇక్కడికి వచ్చేసరికి మల్లవ్వ గొంతు దించేది. "మా ఇంటాయన ఈడ ఏడ్చెటోడు కాదు. మద్దెల ఆపిచ్చి, జర నవ్వెటోడు. జనం బొర్లిబొర్లి ఏడ్చెటోళ్లు. ఏడ్చెటోళ్లను జూసి ఎవ్వరేడుస్తరే, నవ్వే రాణిని జూసి ఏడుస్తరు, అనెటోడు."

మొదటిసారి విన్నప్పుడు నేను ఊకొట్టడం మరిచి కట్టె కింద పడేశాను. "మరి అడుగరేంది ఆమెను? చిలుకను ఎందుకిస్తున్నవని దాసి అడగొద్దా!" అని అరిచాను. ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. "లచ్చి పోయి రాణిని పట్టుకొస్తదట!" అన్నారు. మల్లవ్వ నవ్వలేదు. నా కట్టె తీసి నా చేతికిచ్చింది. "పందిట్ల కూసున్న ఊరంతటికి ఎరుకైతది బిడ్డా, రాణి పోతదని. చిలుక ఇచ్చినప్పుడే ఎరుకైతది. ఆట ఆడెటోళ్లకే ఎరుకగాదు. ఎందుకంటె వాళ్లకు దండ దొరికింది, చిలుక దొరికింది, కాళ్లు కడిగిచ్చుకునుడు దొరికింది. దొరికినోడు అడుగడు," అంది. అప్పుడు నాకు సగమే అర్థమైంది.

మరుసటి యేడు మా ఇంట్లోకి ఆ కథ వచ్చింది. మా అన్న రైలు పట్టాల పనిలో ఉండేవాడు. వదినె యాదమ్మది శామీర్‌పేట. మెత్తటి మనిషి. నాకు జడ వేస్తూ నా వీపు మీద వేలితో బొమ్మలు గీసి, ఏం బొమ్మో చెప్పమనేది. తొలి కాన్పులో పిల్లవాడు పుట్టి, పురుడు తీరకముందే పోయాడు. వచ్చినవాళ్లంతా "ఇంకా వయసున్నది, మళ్లొకడు పుడతడు," అని చెప్పి పోయారు. వానలు పోయి చలి వచ్చింది. వదినె మాత్రం గోడవైపు తిరిగి పడుకునే ఉండేది. జడ వేయమంటే చేతిలో దువ్వెన పట్టుకుని మరిచిపోయేది. చింతపండు కాలం వచ్చాక అమ్మ తిట్టి మల్లవ్వ వాకిటికి తోలింది. వచ్చి కూర్చునేది. కథకు అందరం నవ్వినచోట నవ్వేది కాదు. ఒక్క ఊ కూడా ఆమె నోట రాలేదు. మల్లవ్వ కథ చెబుతూ చెబుతూ ఆమె వైపే చూసేది.

అట్లాంటి వదినె ఒక పొద్దున అందరికంటే ముందు లేచింది. ఇల్లు అలికింది, తలస్నానం చేసింది, నాకు రెండు జడలు వేసి నవ్వింది. తన మేకపిల్లను ఎదురింటికి ఇచ్చేసింది. అరువు తెచ్చిన జల్లెడ తిరిగిచ్చి వచ్చింది. అమ్మ కాళ్లకు మొక్కి, "అత్తమ్మా, నా తోని మస్తు పరేషానైనవ్, మనసుల వెట్టుకోకు," అంది. అమ్మ కళ్లు తుడుచుకుంది. "ఇగ నా కోడలు మనిషైంది," అని వీధంతా చెప్పుకుంది. నాకైతే తన ఎర్రంచు పెండ్లి చీరే ఇచ్చింది. "పెద్దగైనంక కట్టుకో లచ్చి," అంది. ఇంటికి కొత్త గుడ్డ వస్తే పండుగే అయిన రోజులవి. మధ్యాహ్నం శామీర్‌పేట వైపు పోయే బండి ఏదైనా ఎక్కి తల్లిగారింటికి పోయి వస్తానంది. అమ్మ సరే అంది.

చీర చంకలో పెట్టుకుని మల్లవ్వ దగ్గరికి పరుగెత్తాను. "అవ్వా, జూడు, వదినె ఇచ్చింది!" మల్లవ్వ కట్టె ఆగింది. చీర ముట్టుకోలేదు. "ఇంకెవరికేమిచ్చింది?" అంది. చెప్పాను. మేకపిల్ల, జల్లెడ, అమ్మ కాళ్లకు మొక్కడం. చెబుతూ చెబుతూ నా గొంతు నాకే వింతగా వినబడింది. "తల్లిగారింటికి ఏం గొంటవోతుంది?" అని అడిగింది. "ఏం లేదు. మూట గూడ కట్టలే. అమ్మ మెచ్చుకున్నది, పైసా కర్సు లేకుంట పోతుందని." మల్లవ్వ లేచింది. "తల్లిగారింటికి పోయే ఆడిది ఒట్టి చేతులతోని పోతదే? గుప్పెడు చింతపండన్న కొంగున కట్టుకోదా?" అంటూనే నా చేయి పట్టుకుని నడిచింది. జల్లెడ ఒకరికి తెలుసు, మేకపిల్ల ఇంకొకరికి తెలుసు, మొక్కు అమ్మకు తెలుసు. అన్నీ ఒకచోట పెట్టి చూసింది మల్లవ్వ ఒక్కతే.

వదినె గడపలో ఉంది, అప్పుడే చెప్పులు వేసుకుంటోంది. మల్లవ్వ ఎదురుగా గడప మీదే కూర్చుంది, దాటనివ్వకుండా. తిట్టలేదు, ఏడవలేదు. "బిడ్డా యాదమ్మా, సచ్చిపోవాల్నని అనుకుంటున్నవా?" అని నెమ్మదిగా అడిగింది.

అమ్మ లోపలినుంచి ఉరికి వచ్చింది. "నీ నోట్ల మన్నువడ! ఏం మాటలక్కా అవి? పచ్చని ఇంట్ల అంటరా గట్ల? అంటె అయితదంటరు!"

"నేనంటె కాదు చెల్లె. ఎవ్వరం అడుగకుంటె అయితది," అంది మల్లవ్వ. వదినె వైపు నుంచి చూపు తిప్పలేదు. "నేను కోపం జెయ్య బిడ్డా. ఈడనే కూసున్న. నాకు పనేం లేదు."

నిజానికి బోలెడు పని ఉంది. వాకిట్లో కుప్ప ఎండుతోంది, షావుకారు సాయంత్రం వస్తాడు. అయినా ఆమె అట్లాగే కూర్చుంది. నేను చీరను గట్టిగా పట్టుకుని గోడకు ఆనుకున్నాను. వదినె కాలికేసుకున్న చెప్పు విడిచింది. తర్వాత, ఇన్ని నెలల తర్వాత, చిన్నగా, కథ వినే పిల్లలాగా అంది:

"ఊ."

మల్లవ్వ ఆమె తలను తన ఒళ్లోకి లాక్కుంది. అప్పుడు ఏడ్చింది వదినె, పిల్లవాడు పోయిన రోజున కూడా ఏడవనంత. అమ్మ నిలబడ్డచోటనే కూలబడి కోడలి పాదాలు పట్టుకుంది.

ఒక్క ఏడుపుతో అంతా తీరిపోయిందని చెబితే అబద్ధం అవుతుంది. మల్లవ్వ ఆ పూటే పద్ధతి పెట్టింది. యాదమ్మ ఒక్కతే ఉండకూడదు. పగలు తన వాకిట్లో, రాత్రి నా పక్కన. అన్నను కూర్చోబెట్టి, "మళ్లొకడు పుడతడని చెప్పకు, పోయినోని పేరు వెట్టి మాట్లాడు," అంది. అన్న ఆ రోజే మొదటిసారి వదినె ముందు ఏడ్చాడు. చర్చి దవాఖానలో నర్సు పని చేసే ఆమెను పిలిపించారు. ఆమె చూసి, కాన్పు తర్వాత మనసుకు కూడా జబ్బు చేస్తుందని, ఇది ఆమె తప్పు కాదని అమ్మకు గట్టిగా చెప్పి, మందిచ్చి, వారం వారం వచ్చి చూసేది. కొన్ని రోజులు బాగుండేవి, కొన్ని ఉండేవి కావు. బాగుండని రోజున మల్లవ్వ మళ్లీ అదే మాట అడిగేది, అన్నం తిన్నావా అన్నంత మామూలుగా.

నాకు మాత్రం కఠినమైన ఆజ్ఞ పడింది. "చీర వాపసియ్యి." నా ప్రాణం పోయినట్టయింది. "నాకే ఇచ్చింది గద!" అన్నాను. "ఇచ్చింది గనుకనే. పోయి, వదినె, ఇది నీదే, నువ్వే కట్టుకోవాలె, నువ్వు కట్టుకుంటె నేను జూడాలె, అను. పో." ముక్కు చీదుకుంటూ వెళ్లి అట్లాగే అన్నాను. వదినె చీర తీసుకుని ఒళ్లో పెట్టుకుని, నా వీపు మీద వేలితో ఏదో గీసింది. అది ఏం బొమ్మో నాకు తెలియలేదు, అయినా ఊ అన్నాను.

మల్లవ్వ ఆ కథను ఆ తర్వాత కూడా చెప్పింది. అయితే దాసి చిలుకను తీసుకోవడం మానేసింది. "అమ్మా, నీ చిలుకను నేనెందుకు తీసుకుంట? నీ మనసుల ఏమున్నదో చెప్పు," అనేది దాసి. అక్కడినుంచి కథ బాగా పొడుగయ్యేది. చింతపండు పని ఇంకా బాగా సాగేది.

వదినెకు తర్వాత ఇద్దరు ఆడపిల్లలు, వాళ్లకు పిల్లలు. చాలా ఏళ్లకు ఒకసారి అడిగాను, ఆనాడు ఎట్లా అనిపించిందని. "ఒక్కదాన్నే మోస్తున్న మూటకు ఇంకో చెయ్యి వడ్డట్లయింది లచ్చి," అంది. ముసలిదయ్యాక, మంచం పట్టక ముందే, ఆ ఎర్రంచు చీర మళ్లీ నా చేతిలో పెట్టింది. అలవాటు కొద్దీ నేను గడపలో కూర్చుని, "వదినె, మనసుల ఏమన్న వెట్టుకున్నవా?" అన్నాను. బోసినోటితో నవ్వింది. "లేదే పోరీ. ఈసారి నిజంగనే నీది." వృథా చేయడం నాకు చేతకాదు. చీర పాతదైతే బొంతలో పైగుడ్డగా కుట్టాను. దాన్నే ఇప్పటికీ కప్పుకుంటాను.

ఈ ముచ్చటంతా చింతపండు ముందు పెట్టుకుని మనవరాలికి చెప్పాను. నడుమ నడుమ ఆమెను ఊకొట్టమన్నాను, కొట్టింది. అయ్యాక లోపలికి పోయి బొంత తెచ్చి ఎర్రంచు మీద చేయి వేసి చూసింది. "గీ బొంత నాకిస్తవా అవ్వా?" అంది. "తీస్కో," అన్నాను. సంబరంగా మడత పెట్టబోయి, ఆగింది. బొంత నా ఒళ్లోకి తోసి, గింజల గిన్నె పక్కకు జరిపి, నాకు ఎదురుగా చాప మీద కూర్చుంది.

"ఇంత జల్దీ ఎందుకిస్తున్నవ్? మనసుల ఏమన్న వెట్టుకున్నవా అవ్వా?"

నన్ను ఆ మాట అడిగినవాళ్లు ఇంతవరకు ఎవరూ లేరు. కళ్లు తుడుచుకున్నాను. "లేదే బిడ్డా," అన్నాను. "గింత చింతపండు ముందట వెట్టుకోని ఏడికి వోతనే? గా కట్టె ఇట్లియ్యి."